చలికాలం రాగానే మొండికేసిన సెట్ ట్రిగ్గర్

డిసెంబరు రెండో శనివారం పొద్దున రైఫిల్ గోడ మీంచి దించి, గొట్టం ఖాళీగా ఉందని కడ్డీ దించి చూసుకుని, హ్యామర్ (రాయి పట్టుకుని ఉండే సుత్తి) వెనక్కి లాగాను. హాఫ్ కాక్ దగ్గర, అంటే హ్యామర్ సగం దూరంలో ఆగే చోట, సన్నగా టక్ అంది. ఫుల్ కాక్ దగ్గర, అంటే కాల్చడానికి సిద్ధంగా పూర్తిగా వెనక్కి నిలిచే చోట, అసలు శబ్దమే లేదు. బొటనవేలు కొంచెం సడలిస్తే హ్యామర్ కూడా వేలి వెంటే ముందుకి వచ్చేసింది. మళ్ళీ లాగాను, మళ్ళీ అంతే. వేసవిలో వందసార్లు లాగినా ఒక్కసారి కూడా జారని హ్యామర్ ఇది.

చూడనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. నా దగ్గర ఉన్నది పెన్సిల్వేనియా లాంగ్ రైఫిల్ అనే పాతకాలం తుపాకీకి నకలు. మేపుల్ చెక్క, .50 క్యాలిబర్, చెకుముకి రాయితో పేలే రకం, దీన్నే ఫ్లింట్‌లాక్ అంటారు. తూటా లేదు, గుళిక లేదు, గొట్టం మూతిలోంచి కొలిచి మందు పోసి, నూనె గుడ్డముక్కలో చుట్టిన సీసపు గుండుని కడ్డీతో దిగ్గొట్టాలి. విడిభాగాలుగా కొని, రెండేళ్ళ క్రితం జులైలో మా గరాజ్‌లో నేనే బిగించుకున్నాను. మేం ఉండేది అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, లాంకస్టర్ దగ్గర, 18వ శతాబ్దంలో జర్మనీ నుంచి వచ్చిన పనివాళ్ళు తమ పొట్టి యేగర్ రైఫిళ్ళని మెల్లగా పొడుగ్గా, సన్నగా మార్చుకుంటూ వచ్చిన చోటు. సెట్ ట్రిగ్గర్ కూడా వాళ్ళు తెచ్చిందే. రెండు ట్రిగ్గర్లు ఉండే ఈ పద్ధతిని జర్మన్లు ఇప్పటికీ 'జర్మన్ స్టెషర్' అనే అంటారు, ఒకే ట్రిగ్గర్‌ని ముందుకి నెట్టి సెట్ చేసే రకాన్ని 'ఫ్రెంచ్ స్టెషర్' అంటారు.

వెనక ట్రిగ్గర్ లాగితే టిక్ మని ఒక స్ప్రింగ్ బిగుసుకుని కూర్చుంటుంది. అది సెట్ అవ్వడం. ఆ తర్వాత ముందు ట్రిగ్గర్‌ని ఊరికే తాకితే చాలు, లోపలి అడ్డపట్టీ ఎగిరి సియర్ (హ్యామర్‌ని ఆపి పట్టుకునే లోపలి కొక్కెం) చెయ్యిని కింది నుంచి కొడుతుంది, హ్యామర్ పడుతుంది. సెట్ చేయకుండా ముందు ట్రిగ్గర్ లాగితే రెండు మూడు కిలోల బరువు లాగినట్టుంటుంది, సెట్ చేస్తే పావు కిలో కూడా ఉండదు. ఫ్లింట్‌లాక్‌లో రాయి పడటానికి, నిప్పురవ్వ రావడానికి, గొట్టం పక్కనున్న చిన్న పళ్ళెంలో మందు అంటుకోవడానికి, అది రంధ్రంలోంచి లోపలికి పోవడానికి చెవికి తెలిసేంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో గురి కదలకూడదు, గట్టి ట్రిగ్గర్ లాగితే కదలకుండా ఉండదు. అందుకని ఇది సోకు కోసం పెట్టింది కాదు, ఈ తుపాకీకి నిజంగా అవసరం.

జనవరి ఒకటిన మా క్లబ్‌లో పోటీ ఉంది. నేను వేటకి వెళ్ళను, కాగితం మీదే కాలుస్తాను, కానీ ఈ రాష్ట్రంలో క్రిస్మస్ మర్నాటి నుంచి ఫ్లింట్‌లాక్‌తో జింకల వేట సీజన్ మొదలవుతుంది. 1974 నుంచీ ఉన్న ఆచారం, దానికి ఫ్లింట్‌లాక్ తప్ప ఇంకోటి వాడకూడదు. కాబట్టి డిసెంబరులో ఈ పని తెలిసిన మేస్త్రీలందరూ ఊపిరాడనంత బిజీ. నేను ఫోన్ చేసినాయన ఫిబ్రవరిలో తెమ్మన్నాడు. ఇంక నేనే విప్పాలి.

మొదట ఏం చేశానంటే, రెండు ట్రిగ్గర్ల మధ్యలో ఉండే చిన్న స్క్రూని అర చుట్టు తిప్పాను. చేయకూడని పని. అందరూ ముందు దాని మీదే పడతారు, ఎందుకంటే బయటికి కనిపించే స్క్రూ అదొక్కటే. ఆ స్క్రూ పని ఒకటే: సెట్ చేసినప్పుడు రెండు ట్రిగ్గర్లు ఒకదాన్నొకటి ఎంత లోతుగా పట్టుకోవాలో చెప్పడం. హ్యామర్ ఫుల్ కాక్‌లో నిలబడటానికీ దానికీ సంబంధమే లేదు. ఏమీ మారలేదు, పైగా మొదట అది ఎక్కడుండేదో గుర్తు పోయింది. మీరు తిప్పాల్సి వస్తే ముందు స్క్రూ గాడి ఎటు తిరిగి ఉందో పెన్సిల్‌తో పక్కన గీత పెట్టుకోండి, లేదా ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి.

తర్వాత కాఫీ తాగుతూ ఊరికే అటూ ఇటూ ఆడిస్తుంటే అసలు ఆధారం దొరికింది. వెనక ట్రిగ్గర్ ముందు సెట్ చేసి, ఆ తర్వాత హ్యామర్ లాగితే ఫుల్ కాక్‌లో రాయిలా నిలబడుతోంది! సెట్ చేయకుండా లాగితేనే జారుతోంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, కొత్తగా కొన్నవాళ్ళు చాలామంది దీని దగ్గరే తికమక పడతారు. రెండు ట్రిగ్గర్ల సెట్‌లో రెండు జాతులున్నాయి. ఒకదానిలో వెనక ట్రిగ్గర్ సెట్ చేస్తే తప్ప హ్యామర్ కాక్ అవ్వదు, దాని తయారీయే అంత, స్ప్రింగ్ ఎప్పుడూ అడ్డపట్టీని పైకి తోస్తూనే ఉంటుంది. అది జబ్బు కాదు. రెండోదానిలో సెట్ చేసినా చేయకపోయినా కాక్ అవ్వాలి, సెట్ చేయకుండా ముందు ట్రిగ్గర్‌తో కాల్చగలగాలి. నాది రెండోది. అది ఇప్పుడు మొదటిదానిలా ప్రవర్తిస్తోందంటే అర్థం ఒక్కటే: సెట్ చేయనప్పుడు ఖాళీగా, తగలకుండా ఉండాల్సిన అడ్డపట్టీ సియర్ చెయ్యిని కింది నుంచి ఎత్తి పట్టుకుని ఉంది. ఆ చెయ్యి పూర్తిగా కిందికి దిగకపోతే అవతలి కొసన ఉన్న సియర్ ముక్కు టంబ్లర్ (హ్యామర్‌తో పాటు తిరిగే లోపలి ఇనప ముక్క) గాడిలో కూర్చోదు. సెట్ చేస్తే పట్టీ కిందికి దిగుతుంది, చెయ్యి స్వేచ్ఛగా దిగుతుంది, ముక్కు కూర్చుంటుంది.

అయితే రెండేళ్ళు బాగున్నది ఇప్పుడెందుకు తగులుతోంది?

ఒక్కోటి విడదీసి చూశాను. లాక్ (హ్యామర్, సియర్, స్ప్రింగ్ అన్నీ బిగించి ఉండే భాగం) విప్పి చేతిలో పట్టుకుని కాక్ చేశాను, రెండు గాడుల్లోనూ గట్టిగా నిలబడింది. (లాక్ బయట ఉన్నప్పుడు హ్యామర్‌ని వదిలేయకండి, బొటనవేలితో పట్టుకుని మెల్లగా దించండి, లేకపోతే లోపల విరుగుతుంది.) సియర్ స్క్రూ మరీ బిగిసి ఉంటే సియర్ కదలడానికి బద్ధకిస్తుంది, అదీ చూశాను, బాగానే ఉంది. ట్రిగ్గర్ మొత్తం తీసేసి, లాక్ మాత్రం చెక్కలో బిగించి, కింది నుంచి పుల్లతో సియర్ చెయ్యిని నెట్టాను. శుభ్రంగా పడింది, శుభ్రంగా నిలబడింది. ట్రిగ్గర్ ప్లేట్ (ట్రిగ్గర్లు రెండూ బిగించి ఉండే ఇనప పలక) పెట్టి, పైనుంచి వచ్చే టాంగ్ స్క్రూ వేళ్ళతో మాత్రమే బిగించాను. నిలబడింది. స్క్రూడ్రైవర్‌తో పావు చుట్టు. నిలబడింది. ఇంకో పావు చుట్టు. జారిపోయింది.

ఈ టాంగ్ స్క్రూ గొట్టం తోక మీంచి దిగి, మన పిడికిలి పట్టుకునే సన్నటి భాగంలో చెక్క మధ్యగా వెళ్ళి, కింద ట్రిగ్గర్ ప్లేట్‌లో బిగుస్తుంది. అంటే పైనున్న ఇనుమునీ కిందనున్న ఇనుమునీ దగ్గరికి లాగుతుంది, మధ్యలో ఉన్నది చెక్క. చెక్క నలిగినా, ఎండినా ట్రిగ్గర్ ప్లేట్ పైకి లేస్తుంది, దాంతో పాటు అడ్డపట్టీ కూడా లేచి సియర్ చెయ్యిని తాకుతుంది.

మన ఇళ్ళల్లో వానాకాలం తలుపులు ఉబ్బి, గడప దగ్గర పట్టేసి, భుజంతో తోస్తే గానీ పడవు కదా. ఎండాకాలం వచ్చేసరికి అదే తలుపు వదులై గాలికి కొట్టుకుంటుంది. ఇదీ అంతే. చెక్క పొడుగునా పెద్దగా మారదు, అడ్డంగా మారుతుంది, టాంగ్‌కీ ట్రిగ్గర్ ప్లేట్‌కీ మధ్య ఉన్నది సరిగ్గా ఆ అడ్డం కొలతే. నేను దీన్ని బిగించింది జులైలో, చొక్కా ఒంటికి అతుక్కునే ఉక్కలో. అప్పుడు చెక్క తేమ పీల్చి నిండుగా ఉంది, ఆ నిండుతనానికి సరిపోయేట్టు చెక్కాను. ఇప్పుడు రాత్రీ పగలూ హీటర్ నడుస్తోంది, హాల్లో తేమ మీటర్ 24 శాతం చూపిస్తోంది. మొదటి రెండు చలికాలాలూ ఎలాగో గట్టెక్కాయి. కానీ శుభ్రం చేయడానికి విప్పి బిగించినప్పుడల్లా టాంగ్ స్క్రూని కసిగా బిగిస్తూ వచ్చాను, చెక్క ప్రతిసారీ వెంట్రుకవాసి నలుగుతూ వచ్చింది. ఈ ఏడు మిగిలిన ఆ కాస్త జాగా కూడా పోయింది.

అనుమానం తీరాలి కదా, మా ఆవిడ కాటుక డబ్బా తెచ్చి సియర్ చెయ్యి కింది వైపు సన్నగా రాశాను. ఇక్కడి పనివాళ్ళు దీపం మసి వాడతారు, కాటుక ఇంకా బాగా అంటుకుంటుంది. అన్నీ బిగించి, ఏదీ ఆడించకుండా మళ్ళీ విప్పి చూశాను. వెనక ట్రిగ్గర్ పట్టీ పై అంచు మీద అగ్గిపుల్ల వెడల్పున నల్లటి గీత. తాకకూడని చోట తాకినట్టు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. సియర్ చెయ్యి తిరిగే గూట్లో చెక్కకి మాత్రం నలుపు లేదు. అక్కడ ఉంటే చెక్క గీకాల్సి వచ్చేది.

ఇప్పుడు రెండు దారులు. ఒకటి ఆకురాయి తీసుకుని ఆ పట్టీ పై అంచుని కొంచెం అరగదీయడం. చాలామంది అదే చేస్తారు, ఐదు నిమిషాల పని. నాకు మనసొప్పలేదు. అరిగిన ఇనుము తిరిగి రాదు, జులైలో చెక్క మళ్ళీ ఉబ్బినప్పుడు పట్టీ దూరమైపోయి సియర్‌ని సరిగ్గా కొట్టలేకపోతే అప్పుడేం చేయాలి? ఇక సియర్ ముక్కుకీ టంబ్లర్ గాడికీ ఆకురాయి పెట్టడం గురించైతే ఒకటే చెప్తాను, దయచేసి వద్దు. ఆ రెండు అంచులే హ్యామర్‌ని ఆపేవి. అక్కడ కోణం తేడా వస్తే మందు కూరిన తుపాకీ తనంతట తాను పేలుతుంది.

రెండో దారి ట్రిగ్గర్ ప్లేట్‌ని కొంచెం కిందికి దించడం. పేక ముక్క ఒకటి తీసి, ప్లేట్ ఆకారానికి కత్తిరించి, స్క్రూకి కంత చేసి, చెక్కకీ ప్లేట్‌కీ మధ్య పెట్టాను. పేక ముక్క మందం సుమారు 0.3 మిల్లీమీటర్లు. టాంగ్ స్క్రూ పూర్తిగా బిగించి హ్యామర్ లాగాను. టక్, టక్. రెండు గాడులూ గట్టిగా, విడివిడిగా వినిపించాయి. ఆ శబ్దం విని ఎంత హాయిగా అనిపించిందో! ఇంకొంచెం జాగా ఉంటే ఇంకా మంచిదేమోనని రెండో ముక్క కూడా పెట్టి చూశాను. అప్పుడు సెట్ చేసి కాలిస్తే పడుతోంది గానీ, సెట్ చేయకుండా ముందు ట్రిగ్గర్ ఎంత లాగినా సియర్ ఎత్తడం లేదు, అందట్లేదు. అంటే ఒక పేక ముక్క సరిగ్గా ఉంది, రెండైతే ఎక్కువ. మొత్తం వ్యవహారం అంత సన్నటి కొలత మీద నడుస్తోందన్నమాట.

పేక ముక్క నూనె పీల్చి మెత్తబడిపోతుంది, అది పరీక్షకే. దాని బదులు అదే మందం ఇత్తడి రేకు కత్తిరించి పెట్టాను. అసలు విరుగుడు ఇంకోటి: టాంగ్ స్క్రూ చుట్టూ చెక్కలో కొంచెం పెద్ద కంత చేసి, ఒక ఉక్కు గొట్టం ముక్క దింపాను. టాంగ్ అడుగుకీ ప్లేట్‌కీ మధ్య దూరం కాలిపర్‌తో కొలిచి సరిగ్గా అంత పొడుగు కోసి, కొసలు చదును చేశాను. ఇప్పుడు స్క్రూ ఎంత బిగించినా ఇనుము ఇనుముకి తగిలి ఆగిపోతుంది, మధ్యలో చెక్క నలగదు. ఈ ఒక్క ముక్కకి నాకు ఒక సాయంత్రం పట్టింది. కట్టేప్పుడే పెట్టుకుని ఉంటే ఈ గొడవే లేదు, కొత్తగా కట్టుకునేవాళ్ళు తప్పకుండా పెట్టుకోండి.

అయిపోయిందనుకున్నాను. చెకుముకి రాయి తీసి ఆ స్థానంలో చెక్కముక్క బిగించి (ఊరికే ఆడించేటప్పుడు రాయి ఉంచితే అది కొట్టి రవ్వలు రాల్చే ఉక్కు పలక, ఫ్రిజెన్, అరిగిపోతుంది) ఇరవై సార్లు సెట్ చేసి వదిలాను. ఇరవైలో మూడుసార్లు హ్యామర్ సగంలో ఆగిపోయింది, హాఫ్ కాక్ దగ్గర. సెట్ చేయకుండా లాగితే మాత్రం ఒక్కసారీ ఆగలేదు.

ఇది వేరే జబ్బు. దీని కథ నాకు చాలా ఇష్టం, ఎందుకంటే కారణం బియ్యపు గింజంత ఉంటుంది. వేలితో గట్టిగా లాగితే హ్యామర్ పూర్తిగా పడేదాకా వేలు సియర్‌ని ఎత్తే ఉంచుతుంది. సెట్ ట్రిగ్గర్ అలా కాదు, ఒక్క దెబ్బ కొట్టి పక్కకి తప్పుకుంటుంది. టంబ్లర్ ఇంకా తిరుగుతూ ఉండగానే సియర్ ముక్కు మళ్ళీ దాని మీద వాలిపోతుంది, దారిలో ఉన్న హాఫ్ కాక్ గాడిలో పడిపోతుంది. అలా పడకుండా టంబ్లర్‌లో 'ఫ్లై' అని ఒక చిన్న ఉక్కు పలుకు ఉంటుంది. హ్యామర్ పడేటప్పుడు అది గాడికి మూతలా అడ్డు నిలిచి ముక్కుని పైనుంచి దాటించేస్తుంది, హ్యామర్ లాగేటప్పుడు పక్కకి తప్పుకుంటుంది. సెట్ ట్రిగ్గర్ ఉన్న లాక్‌లో ఇది లేకపోయినా, కదలకపోయినా హ్యామర్ హాఫ్ కాక్‌లో తట్టుకుంటుంది, అలా తట్టుకున్న ప్రతిసారీ సియర్ ముక్కు కొస చితుకుతుంది.

మెయిన్ స్ప్రింగ్‌ని బిగింపుతో నొక్కి తీసి, టంబ్లర్ బయటికి తెచ్చాను. ఫ్లై ఉంది, కానీ బెల్లప్పాకంలా ఎండిన పాత నూనెలో అతుక్కుపోయి ఉంది. నల్లమందులో సురేకారం 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకం 10. కాలిన తర్వాత మిగిలే మసి చాలావరకు లవణాలే, వేడినీళ్ళకి కరిగిపోతుంది, నూనెకి కరగదు. గొట్టాన్ని ప్రతిసారీ వేడినీళ్ళతో కడిగేవాణ్ణి గానీ లాక్ లోపల మాత్రం మసి మీదే నూనె వేస్తూ వచ్చాను. వేడినీళ్ళు, పాత టూత్‌బ్రష్, తర్వాత బాగా ఆరబెట్టి ఒక్క చుక్క పల్చటి నూనె. ఫ్లైని చిమటాతో పట్టుకుని ఎత్తాను, జారి కిందపడింది, కార్పెట్ మీద అయస్కాంతం తిప్పి పట్టుకున్నాను. మీరు చేసేటప్పుడు కింద తెల్లగుడ్డ పరుచుకోండి. తిరిగి పెట్టాక లాక్‌ని అటూ ఇటూ వంచితే ఫ్లై తనంతట తానే జారి ఊగాలి, అలా ఊగితేనే సరిగ్గా ఉన్నట్టు. యాభైసార్లు వదిలాను, యాభైసార్లూ పూర్తిగా పడింది.

ఈ పనిలో ఉండగా మా తాతగారి ఊరు చాలాసార్లు గుర్తొచ్చింది. రంపచోడవరం వైపు, చిన్నప్పుడు ఒకాయన దగ్గర నాటు తుపాకీ చూశాను, అదీ మూతిలోంచి మందు కూరేదే, అడవిపందుల నుంచి చేను కాచుకోవడానికి. దానికి ఒకటే మీట, సెట్టూ గిట్టూ లేదు. అక్కడ చదివేవాళ్ళకి ఒక మాట: మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఇలాంటిదానికీ లైసెన్స్ ఉండాల్సిందే. ఇక్కడి చట్టం వేరు, ఇది చదివి అక్కడ ఎవరూ పాతవి బయటికి తీయకండి.

పోటీ రోజు చలి, గాలి మాత్రం లేదు. నేను మొదటి నుంచీ పాటించే క్రమం ఇది: ముందు తుపాకీ గురివైపు తిప్పాలి, తర్వాత హ్యామర్, గురి కుదిరాకే సెట్. సెట్ చేశాక కాల్చకూడదనుకుంటే, మూతి గురివైపే ఉంచి, ఫ్రిజెన్ ఎత్తి పళ్ళెంలో మందు దులిపేసి, ఆ తర్వాతే హ్యామర్‌ని గట్టిగా పట్టుకుని దించాలి. సెట్ అయిన తుపాకీతో ఒక్క అడుగు కూడా వేయకూడదు. ఆ రోజు పాతిక గుండ్లు కాల్చాను. హ్యామర్ ఒక్కసారీ జారలేదు, సగంలో ఆగలేదు.

సాయంత్రం హారిస్‌బర్గ్ నుంచి మన కరీంనగర్ తమ్ముడు ఫోన్ చేశాడు. అతని దగ్గర ఉన్నది హాకెన్ నకలు, సెయింట్ లూయిస్‌లో జేకబ్, శామ్యూల్ అన్నదమ్ములు చేసిన తరహా పొట్టి రైఫిల్, రాయి బదులు క్యాప్‌తో, అంటే దెబ్బ తగిలితే పేలే చిన్న లోహపు టోపీతో పేలేది.

"అన్నా, నీది బాగైందన్నవు గదా, నాదైతే అసలు సెట్టే అయితలేదు. ఎనక ట్రిగ్గర్ గుంజితే వస్తది, ఇడిస్తే మళ్ళ పోతది. టిక్ అంటలేదు."

"మధ్యలో చిన్న స్క్రూ ఉందిగా, దాన్నేమన్నా తిప్పావా?"

"కొద్దిగ తిప్పిన అన్నా, ఇంకింత తేలికైతదని."

అదే. ఆ స్క్రూ లోపలికి పోయేకొద్దీ రెండు ట్రిగ్గర్లూ పట్టుకునే అంచు సన్నబడుతుంది, ఇంకా పోతే పట్టే ఉండదు. ముందు గొట్టం ఖాళీయో కాదో కడ్డీ వేసి చూడమన్నాను, నిపుల్ (క్యాప్ తొడిగే మొన) మీద క్యాప్ లేదని ఇంకోసారి చూసుకోమన్నాను, ఆ తర్వాత స్క్రూని పావు చుట్టు వెనక్కి తిప్పమన్నాను. ఫోన్‌లో కాసేపు సద్దు లేదు. తర్వాత నాకూ వినపడింది, టిక్.

"అయింది అన్నా!"

"ఆగు, అప్పుడే కాదు. హ్యామర్ దించే ఉంచి, సెట్ చేసి, తుపాకీ మడమని నేలకేసి మెల్లగా తట్టు."

తట్టాడు. ట్రిగ్గర్ ఊడిపోయింది. ఇంకో పావు చుట్టు వెనక్కి తిప్పించాను. ఈసారి మూడుసార్లు తట్టాడు, కొంచెం గట్టిగానే.

"నిలబడ్డది అన్నా."

స్క్రూ పక్కన పెన్సిల్ గీత పెట్టించాకే ఫోన్ పెట్టేశాను.